దిక్కు తెలియని లెక్క

పరిమాణమూ దిశా రెండూ గల రాశి సదిశ అనీ, పరిమాణం మాత్రమే గలది అదిశ అనీ మన ఇంటర్మీడియట్ విద్యార్థులను నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. బలం, వేగం, త్వరణం ఒక వరుసలోనూ, ద్రవ్యరాశి, కాలం, ఉష్ణోగ్రత మరొక వరుసలోనూ పట్టిక వేసి చూపగలరు. అయితే ఆ నిర్వచనంలోని రెండవ సగం, అనగా దిశ, వారి లెక్కలలో ఎంతవరకు నిలుస్తున్నది? ఏటేటా సమాధాన పత్రాలు దిద్దుతున్న మేము ఈ ప్రశ్నకు తృప్తికరమైన జవాబు చెప్పుకోలేకపోతున్నాము.

ఒక చిన్న ఉదాహరణ చాలును. తూర్పును ధన ఎక్స్-అక్షంగాను, ఉత్తరాన్ని ధన వై-అక్షంగాను తీసుకొని, −3, 3 అంశాలుగా గల సదిశ పరిమాణాన్నీ దిశనూ కనుగొనుమని తరగతి పరీక్షలో అడిగాము. పలువురు 9కి 9 కలిపి, 18కి వర్గమూలం తీసి, 4.24 అని సరిగానే వ్రాశారు. తరువాత 3ను −3 చేత భాగించి, టాంజెంట్ విలువ −1 అని గ్రహించి, కాలిక్యులేటర్ మీట నొక్కి, దిశ −45 డిగ్రీలు అని వ్రాసి, క్రింద రెండు గీతలు గీసి ముగించారు. పడమరకు మూడడుగులు, ఉత్తరానికి మూడడుగులు వేసినవాడు వాయవ్యాన ఉండవలెను. −45 డిగ్రీలంటే ఆగ్నేయం. దూరం సరిపోయింది, ఊరు మాత్రం పూర్తిగా ఎదురు దిక్కున తేలింది. అంతకంటె విచారకరమైన విషయమేమంటే, ఆ తప్పు వ్రాసిన వారిలో ఒక్కరి పత్రంలోనైనా చిత్రం లేదు. గీసి ఉంటే తప్పు తనంతట తానే కనబడి ఉండేది.

ఈ తప్పు విద్యార్థులది కాదు, మాది అని ముందుగా ఒప్పుకుంటున్నాము. సూత్రాన్ని ముందు చెప్పి, చిత్రాన్ని వెనుక చెప్పి, కాలం చాలక ఆ చిత్రాన్ని కూడా వదిలివేసిన వారం మేమే. సదిశను గీయకుండా లెక్కించడం నేర్పినంత కాలం దిశ అనేది మన పిల్లలకు ఒక సంఖ్యగా మిగులుతుందే తప్ప, వారు నిలబడిన నేల మీద ఒక దిక్కుగా కనిపించదని మా దృఢాభిప్రాయం. దానిని ఈ సంచిక ద్వారా విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల పాలక సంఘం వారి ముందు ఉంచదలచాము.

మన భాషలు రెండూ ఈ విషయంలో మనకు అండగా ఉన్నాయి. తెలుగులో సదిశ అంటే దిశతో కూడినది. ఉర్దూలో దానిని సమ్తియా అంటారు, సమ్త్ అంటే దిక్కు. ఇంగ్లీషులోని వెక్టర్ అనే మాట లాటిన్ నుండి వచ్చినది, మోసుకొనిపోవునది అని దాని అర్థం. ఐర్లండు గణితవేత్త విలియం రోవన్ హామిల్టన్ 1840వ దశకంలో దానిని నేటి అర్థానికి దగ్గరగా గణితంలోకి తెచ్చాడు. ఆ మాటలో దిక్కు ప్రసక్తి లేదు, మన మాటలలో ఉన్నది. నావికులూ ఖగోళ శాస్త్రజ్ఞులూ వాడే అజిముత్ అనే పదం కూడా ఈ సమ్త్ బహువచనం నుండి పుట్టినదే. అంశాలను కనుగొనేటప్పుడు మనం వాడే సైన్ కథ ఇంకా ముచ్చటైనది. 499లో రచించిన గ్రంథంలో ఆర్యభటుడు జ్యాల పట్టికను ఇచ్చాడు. జ్యా అంటే వింటి నారి. తొమ్మిదవ తరగతిలో వృత్తానికి గీసిన జ్యాను మన పిల్లలు ఈనాటికీ ఆ పేరుతోనే పిలుస్తున్నారు. జ్యాకు పర్యాయమైన జీవ అరబ్బు పండితుల చేతిలో జీబా అయింది, తరువాత జైబ్‌గా చదువబడింది. జైబ్‌కు వస్త్రపు మడత అనే అర్థం ఉన్నందున లాటిన్ అనువాదకులు దానిని సైనస్ అన్నారు. తెలుగు పిల్లలూ ఉర్దూ పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చొని చదివే మన కళాశాలలో ఈ పాఠం పరాయి పాఠం కాదని చెప్పుటకే ఇంత చెప్పవలసి వచ్చింది.

ఇక అంశం అంటే ఏమిటి? పుస్తకం తెరువక ముందే మన తీరం దీనికి సమాధానం చెబుతున్నది. శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాలలో ఒడ్డున నిలిచి అలివి వల లాగే దృశ్యాన్ని చూడనివారు మనలో తక్కువ. పడవ మీద వలను విల్లులా సముద్రంలో చుట్టి దించుతారు. దాని రెండు కొసల తాళ్లను ఒడ్డున రెండు గుంపులు పట్టి లాగుతాయి. మొదట గుంపులు దూరదూరంగా ఉంటాయి. వల దగ్గరకు వచ్చే కొద్దీ ఒకదాని వైపు మరొకటి జరుగుతాయి. ఎందుకు జరుగుతాయో లెక్క వేసి చూద్దాము. ఒక్కొక్క గుంపు 100 పాళ్ల బలంతో లాగుతున్నదని అనుకుందాము. రెండు తాళ్ల మధ్య కోణం 120 డిగ్రీలు అయినప్పుడు, ఒక్కొక్క తాటి బలంలో ఒడ్డు వైపు పనిచేసే అంశం 50 మాత్రమే. తీరం వెంబడి పనిచేసే అంశం 86.6. ఒక గుంపుది ఎడమకు, మరొకదానిది కుడికి కనుక ఈ రెండవ అంశాలు ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. 200 పాళ్ల శ్రమలో వలను ఒడ్డుకు తెచ్చేది 100 మాత్రమే. కోణం 60 డిగ్రీలకు తగ్గితే ఒడ్డు వైపు అంశం ఒక్కొక్కరిది 86.6 అవుతుంది, మొత్తం 173. మనుషులు వారే, శ్రమ అదే, మారినది దిశ ఒక్కటే. సమాంతర చతుర్భుజ నియమమని న్యూటన్ 1687 నాటి తన గ్రంథంలో చలన నియమాల వెంటనే మొదటి ఉపసిద్ధాంతంగా చెప్పినది ఇదే. వల లాగేవారు న్యూటన్‌ను చదువలేదు, చదివిన మనం వల వైపు చూడలేదు.

కూర్చడం వల నేర్పితే, విడదీయడం పడవ నేర్పుతుంది. నాగావళిలోనో వంశధారలోనో నీరు నిండుగా ఉన్నప్పుడు ఏరు దాటించే పడవవాడు ఎదుటి రేవుకు సూటిగా ముక్కు పెట్టడు, కొంచెం ఎగువకు పెడతాడు. నిలకడ నీటిలో పడవ వేగం గంటకు 5 కిలోమీటర్లు, ప్రవాహ వేగం గంటకు 3 కిలోమీటర్లు, ఏటి వెడల్పు 400 మీటర్లు అనుకుందాము. సూటిగా ముక్కు పెడితే 4 నిమిషాల 48 సెకన్లలో ఆవలి ఒడ్డు చేరతాడు గాని, రేవుకు 240 మీటర్లు దిగువన చేరతాడు. సూటి దిశ నుండి సుమారు 37 డిగ్రీలు ఎగువకు తిప్పితే, అతని 5లో 3 ప్రవాహాన్ని ఎదుర్కొనుటకు ఖర్చవుతుంది, 4 ఏరు దాటుటకు మిగులుతుంది. ఆరు నిమిషాలు పడుతుంది, కాని రేవు తప్పదు. ఐదులో నుండి మూడు తీసివేస్తే రెండే కదా మిగలవలసినది అని మా తరగతిలో ఒక విద్యార్థిని అడిగింది. అది ఎంతో మంచి ప్రశ్న. అంశాలు మామూలు కూడికకు లోబడవు. ఒకదానికొకటి లంబంగా ఉన్నవి కనుక వాటి వర్గాలే కలుస్తాయి: 9కి 16 కలిపితే 25. ఈ ప్రశ్న పుట్టని తరగతిలో సదిశల పాఠం జరిగిందని మేము అనుకోము.

ఇక్కడ పాఠ్యపుస్తకం తరచుగా తొందరగా దాటిపోయే సంగతి ఒకటి ఉన్నది. సదిశ ప్రకృతిది, అంశాలు మనవి. అక్షాలను ఎన్నుకొనేది మనమే. అక్షాలు మారితే అంశాలు మారతాయి, సదిశ మారదు. మన తీరరేఖ సుమారుగా నైరుతి నుండి ఈశాన్యానికి సాగుతున్నది, సముద్రం దానికి ఆగ్నేయాన ఉన్నది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఆగ్నేయం నుండి గాలి వీస్తున్నదనుకుందాము. తూర్పు, ఉత్తర దిక్కులను అక్షాలుగా పెట్టుకుంటే దాని అంశాలు −70.7, 70.7 అవుతాయి. ఈ రెండు సంఖ్యలను చూసి తీరవాసి గ్రహించేది ఏమీ లేదు. తీరం వెంబడి ఒక అక్షాన్ని, తీరానికి లంబంగా మరొక అక్షాన్ని పెట్టుకొని చూడండి. తీరం వెంబడి అంశం సున్న, నేల వైపు అంశం 100. సముద్రపు నీటిని ఊరి మీదికి తోయుటకు ఆ గాలి తన బలమంతా వెచ్చిస్తున్నదని ఒక్క చూపులో తెలుస్తుంది. అదే గాలి తూర్పు నుండి వీస్తే నేల వైపు 70.7, ఈశాన్యం నుండి వీస్తే నేల వైపు సున్న. మూడు సందర్భాలలోనూ వేగం 100, మూడింటి ఫలితం వేరు. అక్షాలను సరిగా ఎన్నుకొనుటే సగం సమాధానం.

ఇది తరగతి గదిలోని వినోదం కాదు. మన రెండు జిల్లాలు దీనికి మూల్యం చెల్లించినవే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో, గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల గాలులతో తీరం దాటింది, ఉద్దానం కొబ్బరి తోటలను నేలకూల్చింది. ఆ రెండు పేర్లు మన ఉర్దూ మిత్రులకు సుపరిచితమైనవే. ఒమన్ దేశం సూచించిన మొదటిది ఒక పిట్ట పేరు, పాకిస్తాన్ సూచించిన రెండవది సీతాకోకచిలుక పేరు. పేర్లు ఎంత సుకుమారంగా ఉన్నా వాటి గమనం సదిశా నియమాలను అనుసరించినదే.

ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలి కేంద్రం చుట్టూ అపసవ్య దిశలో తిరుగుతుంది. బంగాళాఖాతం నుండి వాయవ్యంగా మన తీరానికి వచ్చే తుఫానుకు కుడివైపున, అనగా ఈశాన్యాన ఉన్న ఊళ్లకు గాలి సముద్రం నుండి నేల మీదికి వీస్తుంది. ఎడమవైపున, అనగా నైరుతిన ఉన్న ఊళ్లకు నేల నుండి సముద్రం మీదికి వీస్తుంది. అంతే కాదు, తుఫాను తానే ముందుకు కదులుతున్నది గదా! తిరిగే గాలి వేగం గంటకు 120, తుఫాను నడక గంటకు 15 కిలోమీటర్లు అనుకుంటే, కుడివైపున రెండు సదిశలూ ఒకే దిశలో కలిసి 135 అవుతాయి, ఎడమవైపున ఎదురెదురై 105 అవుతాయి. హుద్‌హుద్ నాడు కళింగపట్నం తుఫాను మార్గానికి కుడివైపున ఉన్నది. తిత్లీ నాడు అదే కళింగపట్నం ఎడమవైపున ఉండగా, సోంపేట, ఇచ్ఛాపురం కుడివైపున ఉన్నాయి. ఎడమవైపు వారికి ముప్పు లేదని దీని భావం కాదు. వర్షానికీ వరదకూ కుడి ఎడమలు లేవు, 105 కూడా చెట్లను కూల్చగల వేగమే. అయితే తీరం దాటే చోటు ఫలానా అని ఆకాశవాణిలో విన్న మరుక్షణం, మన ఊరు దానికి ఏ వైపున ఉన్నది, గాలి ఎటు నుండి రాబోతున్నది అని కాగితం మీద బాణం గుర్తు వేసి చెప్పగల యువకుడో యువతియో ప్రతి తీర గ్రామంలో ఒక్కరైనా ఉండవద్దా? ఆ విద్య ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం పాఠంలోనే ఉన్నది. మనమే దానిని మార్కుల మూటలో కట్టి అటక మీద పెట్టాము.

గాలుల పేర్లలోనే మరొక పాఠం ఇమిడి ఉన్నది. నైరుతి ఋతుపవనాలు నైరుతి నుండి వస్తాయి, నైరుతికి పోవు. వాటి బాణపు మొన ఈశాన్యాన్ని చూపుతుంది. ఈశాన్య ఋతుపవనాల మొన నైరుతిని చూపుతుంది. గాలికి వచ్చిన దిక్కును బట్టి పేరు, సదిశకు పోయే దిక్కును బట్టి దిశ. ఇప్పుడు మొదటి గాలికి 3, 3 అనీ, రెండవ దానికి −3, −3 అనీ అంశాలు వ్రాసి టాంజెంట్ తీయండి. రెండింటికీ 1 వస్తుంది. కాలిక్యులేటర్ రెండింటికీ 45 డిగ్రీలనే చెబుతుంది. జూన్‌లో వచ్చే గాలికీ అక్టోబరు తరువాత వచ్చే గాలికీ ఆ యంత్రానికి భేదం లేదు, మన రైతుకు ఉన్నది. టాంజెంట్ ఒక నిష్పత్తి మాత్రమే. రెండు గుర్తులను ఒకదానితో ఒకటి భాగించగానే గుర్తులలోని సమాచారం నశిస్తుంది. ఆ నశించినదానిని తిరిగి ఇవ్వగలిగేది చిత్రం ఒక్కటే. ఏ పాదంలో ఉన్నది అని ముందు అడిగి, తరువాత కోణం లెక్కించేవారు ఎన్నడూ పొరపడరు.

పరీక్షలో చిత్రానికి మార్కులెక్కడివి, ప్రవేశ పరీక్షలో ఒక్క ప్రశ్నకు ఒక్క నిమిషమైనా దొరకదు గదా అని కొందరు అనవచ్చును. వారికి మా సమాధానం ఇది. మొదట చెప్పిన ప్రశ్ననే 45, 135, 225, 315 అనే నాలుగు జవాబులతో ఇచ్చారనుకోండి. సూత్రం పట్టుకున్నవారు మీటలు నొక్కుతూ ఉండగా, వ్రేలితో గాలిలో వాయవ్యానికి బాణం గీసినవారు 135 గుర్తించి తరువాతి ప్రశ్నకు పోతారు. చిత్రం ఆలస్యానికి కారణం కాదు, ఆలస్యానికి మందు.

అసలు చిక్కు మరొకచోట ఉన్నదని మా అనుమానం. పదవ తరగతి వరకు తెలుగులోనో ఉర్దూలోనో చదివిన పిల్లలు ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకం చేత పడగానే, అర్థమైన మాటలను కూడా వదిలి అర్థం కాని సూత్రాలను కంఠస్థం చేయడం మొదలుపెడుతున్నారు. ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం అనే నాలుగు మూలలూ తెలుగు పిల్లవాడికి ఇంట్లోనే పట్టుబడినవి. నాలుగు పాదాలను నేర్పుటకు అంతకంటె మంచి పునాది వేరొకటి లేదు. ఆ పునాదిని పక్కకు నెట్టి గాలిలో గోడ కడుతున్నాము. శాస్త్రం మన భాషలలో ఇమడదనుట సత్యదూరం. 1918లో నెలకొల్పబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం శాస్త్రాలను ఉర్దూలో బోధించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్, డిగ్రీ పుస్తకాలను తెలుగులో అందించింది. శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని తాను ముందు సవర భాష నేర్చుకొని, దానికి వాచకాలు వ్రాశారు. తెలిసిన మాట మీదుగా తెలియని విషయానికి నడిపించుటే విద్య అని మన ప్రాంతమే లోకానికి చాటింది. ఇంగ్లీషు వద్దని మేము అనడం లేదు, అది కావలసినదే. దానికి దారి మన మాటల మీదుగా వేయాలంటున్నాము.

కనుక పాలక సంఘం వారికి మా మనవి నాలుగు మాటలలో చెబుతాము. మొదటిది, భౌతికశాస్త్ర ప్రయోగశాలలో సమాంతర చతుర్భుజ నియమాన్ని చూపే పరికరాన్ని, అనగా నిలువు చెక్క పలక, రెండు కప్పీలు, దారం, బరువులు గల ఆ చిన్న సాధనాన్ని, ఇద్దరు విద్యార్థులకు ఒకటి చొప్పున సమకూర్చవలెను. ఒక్క పలక చుట్టూ తరగతి అంతా మూగితే వెనుకనున్నవారికి ముందున్నవారి వీపులే కనబడతాయి. దీనికి పెద్ద ధనం అక్కరలేదు, ఊళ్లోని వడ్రంగి చేత చేయించవచ్చును. రెండవది, సదిశల పాఠానికి మొదటి వారం సూత్రం లేకుండా గ్రాఫు కాగితంతోనే సాగించుటకు సమ్మతించవలెను. మూడవది, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు పదాలను ప్రక్కప్రక్కన వ్రాసిన గోడ పట్టికను గణిత తరగతి గదులలో ఏర్పాటు చేయవలెను. నాల్గవది, సంవత్సరానికి ఒక్క దినమైనా విద్యార్థులను దిక్సూచితో సముద్రతీరానికి తీసుకొనిపోయి, తీరపు దిశను, గాలి దిశను కొలిపించవలెను. మా వంతుగా, ఇకమీదట తరగతి పరీక్షలలో సదిశల ప్రశ్నకు సగం మార్కులు చిత్రానికే కేటాయించగలమని మాట ఇస్తున్నాము.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు వంతెనలు కట్టవచ్చు, కొందరు ఓడలు నడపవచ్చు, కొందరు ఈ తీరంలోనే ఉపాధ్యాయులై ఇదే పాఠం చెప్పవచ్చు. ఎంత వేగంగా పోతున్నారని లోకం మిమ్మల్ని ఎప్పుడూ అడుగుతూనే ఉంటుంది. ఎటు పోతున్నారో మీరే చూసుకోవాలి. తదుపరి లెక్క మొదలుపెట్టే ముందు కాగితం మీద రెండు అక్షాలు గీసి, ఒక్క బాణం వేయండి. పెన్సిలు మొన ఏ దిక్కు చూపుతున్నదో గమనించి, ఆ తరువాతనే సూత్రాన్ని తలచుకొనండి.